విడాకుల మధ్యవర్తిత్వానికి కూర్చోబోయే పాపకు

అనంతపురం

పాపా,

విడిపోదామనుకున్న జంటల మధ్య కూర్చోబోతున్నావని తెలిసింది. తప్పులు ఎక్కువగా మొదటి రోజే జరుగుతాయి, అందుకే అక్కణ్ణుంచే చెబుతా.

ఇద్దరినీ ఒకేసారి లోపలికి పిలవద్దు. ముందు ఒక్కొక్కరితో ముప్పావుగంటైనా విడిగా మాట్లాడు. చెయ్యి చేసుకుంటాడా, ఫోను లాక్కుంటాడా, అతని ముందు నోరు విప్పగలదా? మెత్తగానే అయినా సూటిగా అడుగు. భయం ఉందని తేలితే ఎదురెదురుగా కూర్చోబెట్టే పనే పెట్టుకోకు. వణుకుతూ అన్న 'సరే' రేపు నిలవదు. గృహహింస చట్టం, 181 నంబరు, జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఆడవాళ్లకు దొరికే ఉచిత లాయరు గురించి చెప్పి పంపు. అతని మాటా అంతే ఓపిగ్గా విను. మగవాడు కంటతడి పెడితే తల తిప్పుకునే అలవాటు మనవైపు అందరికీ ఉంది.

నీ దగ్గరికి వచ్చేసరికి ఊళ్లో పంచాయితీ అయిపోయే ఉంటుంది. పెద్దమనుషులను చులకన చేయకు, గదిలోకీ రానివ్వకు. వాళ్లు తేల్చేది తప్పెవరిదని. నువ్వు తేల్చాల్సింది రేపటి నుంచి ఎట్లా బతకాలని. మేనరికమైతే ఇంకా కష్టం. మేనమామను చేసుకున్న పిల్లకు అత్తగారు సొంత అమ్మమ్మే కదా, చీలిక అక్కాతమ్ముళ్ల మధ్యా పడుతుంది. అట్లాంటప్పుడు రెండిళ్ల పెద్దలను ఒప్పందం రాయకముందే ఒకసారి విడిగా పిలువు. పండక్కి పిల్లలు ఎవరింట్లో ఉంటారన్న ఒక్క సంగతే మాట్లాడించు.

డబ్బు సంగతి కాగితం మీదే తేల్చు. బంగారం ఎన్ని తులాలు, ఎవరి దగ్గరుంది, బ్యాంకులో కుదువ పెట్టి ఉంటే రశీదు ఎవరి పేరున ఉంది, అసలూ వడ్డీ ఎంత, ఎవరు ఏ తేదీలోపల విడిపించాలి, అన్నీ రాయించు. పుట్టింటి నగలు స్త్రీధనం, అవి ఆమెవే. వాటిని తిరిగిచ్చి 'భరణం అయిపోయింది' అనే ఎత్తుగడ తరచూ ఎదురవుతుంది, ఒప్పుకోకు. రెండు లెక్కలూ వేరువేరుగా ఉండాలి. శెనక్కాయ రైతుతో నెలనెలా పెద్ద మొత్తం రాయించుకుంటే మూడో నెలకే ఆగిపోతుంది. నెలకు కొంత, పంట అమ్మినాక మిగతాది అని విడగొట్టు. వాన రాకపోయినా బడి ఫీజు మాత్రం ఆగకూడదని ఒక వాక్యం చేర్చు.

హిందూ వివాహ చట్టం 13-బి కింద ఇద్దరి ఒప్పుదలతో విడిపోవాలంటే ముందు ఏడాది వేరుగా ఉండాలి. పిటిషన్ వేశాక రెండోసారి కోర్టు ముందుకు రావడానికి ఆరు నెలలు ఆగాలి. తగిన కేసుల్లో ఆ గడువును కోర్టు మాఫీ చేయవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ లోపల ఎవరైనా మనసు మార్చుకోవచ్చు, ఒప్పందాలు చెడేది ఇక్కడే. అందుకే ముందుగానే మొత్తం చెల్లించే షరతు పెట్టకు. కొంత మొదటిసారి, మిగతాది రెండోసారి. ముస్లిం జంటలకు ముబారత్ (ఇద్దరి ఒప్పుదలతో విడిపోవడం) దారి వేరు, మెహర్ (పెళ్లిలో భర్త భార్యకు ఇస్తానని ఒప్పుకున్న సొమ్ము) లెక్క వేరు. ఎవరైనా సరే, సంతకానికి ముందు ఆ కాగితం ఎవరి లాయరుకు వారు చూపించుకోవాలి.

పిల్లలను 'ఎవరి దగ్గర ఉంటావ్?' అని అడగనివ్వకు. ఏం జవాబిచ్చినా ఒకరికి ద్రోహం చేశామని కుమిలిపోతారు. ఇల్లు మారకముందే తల్లీతండ్రీ కలిసి చెప్పాలి: మేం వేరుగా ఉంటాం, దీనికి నువ్వు కారణం కాదు, ఇద్దరం నీకు ఉంటాం. అంతకుమించి వద్దు. 'అప్పుడప్పుడు వచ్చి చూస్తాడు' అనే మాట ఒప్పందంలో రాయనివ్వకు. ఏ ఆదివారాలు, ఎన్ని గంటలకు, ఏ బస్టాండులో అప్పగింత, ఆలస్యమైతే ఎవరికి ఫోను చేయాలి, వేసవి సెలవుల్లో ఎన్ని రోజులు? ఇవన్నీ ఉండాలి.

కోర్టు నుంచి విడాకుల డిక్రీ (తుది ఉత్తర్వు) వచ్చిన మూడో నెలలో ఇద్దరికీ ఫోను చేసి ఆదివారాలు ఎట్లా సాగుతున్నాయో కనుక్కో. తగువు చాలాసార్లు బస్సు ఛార్జీ దగ్గరే మొదలవుతుంది, అది ఎవరు పెట్టుకోవాలో కూడా ముందే రాయించు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ