స్లీపింగ్ డాగ్స్ గేమ్ ఇప్పుడు కొని ఆడొచ్చా? పాత ల్యాప్‌టాప్‌ల నడుస్తదా?

దేవరకొండ నుంచి ఒక తమ్ముడు అడిగినవి రెండు: జీటీఏ (గ్రాండ్ థెఫ్ట్ ఆటో) ఆడినోళ్లకు స్లీపింగ్ డాగ్స్ నచ్చుతదా, గ్రాఫిక్స్ కార్డు లేని 8 జీబీ ల్యాప్‌టాప్‌ల నడుస్తదా అని.

తమ్మీ, 2012ల వచ్చిన గేమ్ ఇది. ట్రయాడ్ అనే గూండా ముఠాల దొంగచాటుగ చేరిన పోలీసువు నువ్వు. ఊరు హాంగ్‌కాంగ్, నాలుగు పేటలే, జీటీఏ అంత పెద్దగ ఉండదు. కారు నడుపుడు తేలిక, బరువే తెల్వదు. తుపాకులు సగం కథ దాటినంకనే ఎక్వ వస్తయి, అవి మామూలే. దీని దమ్మంత చేతి కొట్లాటల ఉంది. అది నచ్చకుంటే కొనకు.

ఎక్స్‌బాక్స్ కంట్రోలర్ లెక్కన చెప్త. ఎక్స్ దెబ్బ, వై కౌంటర్ (వాని దెబ్బ ఆపి ఎదురు కొట్టుడు), బి పట్టు. కొత్తోళ్లు ఎక్స్‌నే టపటప కొడ్తరు. చుట్టు ఐదుగురు నిలబడ్డప్పుడు వెనుక నుంచి తన్నులు పడి ప్రాణం పోతది. కొట్టబోయేటోడు ఎర్రగ మెరుస్తడు, అప్పుడే వై నొక్కాలె. కోలాటంల జోడి కర్ర వచ్చినప్పుడే మన కర్ర తగిలినట్టు ఉండాలె, ముందుగాల నొక్కినా ఎన్క నొక్కినా తప్పుతది. లావుపాటి కుస్తీగాళ్లను బి తోని పట్టబోతే ఉల్టా వాళ్లే నిన్ను విసిరేస్తరు. వాళ్లకు దెబ్బలే మందు. గార్డు పెట్టి దెబ్బలు ఆపేటోళ్లను మాత్రం పట్టాలె.

పట్టినంక చుట్టూ చూడు. చెత్తడబ్బా, టెలిఫోన్ బూతు, గోడకు తిరిగే ఫ్యాన్ లాంటివి ఎర్రగ కనవడ్తయి. అక్కడిదాక గుంజుకపోయి మళ్ల బి నొక్కితే ఒక్క దెబ్బకు పని అయిపోతది, ట్రయాడ్ స్కోరు (కొట్లాటకు ఇచ్చే మార్కులు) కూడ బాగ పెరుగుతది. ఒకే దెబ్బ తిప్పితిప్పి కొడితే ఆ స్కోరు ఎక్వ పెరగదు, రకరకాలుగ కొట్టాలె. ఫేస్ మీటర్ (కొట్లాడుతుంటే నిండే పరువు పట్టీ) నిండితే కొద్దిసేపు ప్రాణం దానంతట అదే నిండుతది, అందుకే గుంపుల ఉన్నప్పుడు అది నిండనీకి చూడు.

పోలీస్ స్కోరు దీనికి ఉల్టా. మిషన్ మొదలుకాంగనే నిండుగ ఉంటది, దారిన పోయేటోళ్లను గుద్దినా, సామాను పగలగొట్టినా తగ్గుతది. కారు ఎక్కినంక ఫుట్‌పాత్ ఎక్కియ్యకు.

చానమంది చేసే తప్పు, కథ వెంటవడి ఉరుకుడు. 12 జేడ్ (పచ్చ రాయి) బొమ్మలు ఊర్ల దాచి ఉంటయి. ఒక్కోటి నార్త్ పాయింట్ పేటల కొట్లాట నేర్పే గురువుకు తెచ్చిస్తే ఒక్కో కొత్త దెబ్బ నేర్పుతడు. ఇవి లేకుంటే కొట్లాట పది గంటలకే పాతగైతది, అప్పుడు గేమే బాగలేదని అంటరు. అందిన కాడికి బొమ్మలు ముందుగాలనే తెచ్చుకో. ప్రాణం పెంచే గుళ్లు వేరే ఉన్నయి, ఐదు మొక్కితే ఒకసారి పెరుగుతది. కథల కలిసే అమాండా అనే పిల్లతోని డేట్ మిషన్ చేస్తే అవి మ్యాపుల కనవడ్తయి. కొట్లాటకు ముందు ఏమన్న తిను, ప్రాణం మెల్లగ నిండుతుంటది.

2014ల వచ్చిన డెఫినిటివ్ ఎడిషనే తీసుకో, డీఎల్‌సీలు (విడిగ వచ్చిన అదనపు ముక్కలు) అందులనే ఉంటయి. ఒక్కటే ఇబ్బంది: డీఎల్‌సీ బట్టలు మొదటి నుంచే బీరువాల ఉంటయి, కొన్నింటికి దెబ్బ బలం పెంచే బోనస్ ఉంటది. అవి తొడిగితే మొదట్ల సవాలే ఉండదు, కౌంటర్ నేర్చుకోవు. సగం కథ దాక ముట్టకు.

ఇగ ల్యాప్‌టాప్ ముచ్చట. 64 బిట్ విండోస్, 20 జీబీ జాగ కావాలె, 8 జీబీ ర్యామ్ చాలు. కార్డు లేదు గాబట్టి రిజల్యూషన్ 1280x720 పెట్టు, షాడోలు, వరల్డ్ డెన్సిటీ (ఊర్ల ఎన్ని వస్తువులు కనవడాలె అన్నది) తక్వ (Low) మీద పెట్టు. యాంటీ ఏలియాసింగ్ (బొమ్మ అంచులు నున్నగ చేసేది) నార్మల్ దాటనియ్యకు: దాని మీద పెడితే బొమ్మను పెద్దగ గీసి చిన్నగ చేస్తది, కార్డు ఉన్న ల్యాప్‌టాప్‌లే కుంటుతయి. కీబోర్డుతోని కూడ ఆడొచ్చు గని కౌంటర్ టైమింగ్‌కు కంట్రోలరే బాగుంటది. మాటల్ల కాంటనీస్ కలిసి ఉంటది, ఆప్షన్లల్ల సబ్‌టైటిల్స్ ఆన్ చేసుకో.