కారు లేకుండా డాలస్‌లో దిగుతున్న అమ్మాయికి

అమ్మడూ,

ఆశీస్సులు. యూటీ డాలస్‌లో సీటు ఖాయమైందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషం. మొదటి ఏడాది కారు కొననన్నావట, మంచి మాట. వచ్చేలోపు పదిమంది నిన్ను భయపెడతారు, కారు లేకపోతే టెక్సాస్‌లో గడప దాటలేవని. నేను డ్రైవింగ్ చెయ్యను. ఇక్కడ ఏళ్ల తరబడి నడిచీ, బస్సూ రైలూ ఎక్కీ తిరుగుతున్నదాన్ని చెప్తున్నాను, నిక్షేపంగా తిరగొచ్చు. అయితే బయటికి అడుగు పెట్టకముందే దారంతా ఫోన్లో ఒకసారి నడిచి రావాలి. ఎంత దూరం అన్నది తర్వాత సంగతి. రోడ్డు ఎక్కడ దాటాలి అన్నది ముందు చూడు.

ఇల్లు వెతకడంతోనే సగం పని తేలిపోతుంది. మనవాళ్లు ఫ్రిస్కోలో చాలామంది ఉన్నారు, "మా పక్క ఫ్లాట్ ఖాళీగా ఉంది, వచ్చెయ్" అంటారు. ఫ్రిస్కో, అలెన్, మెకిన్నీ ఊళ్లకు ఇక్కడి ప్రభుత్వ రవాణా సంస్థ డార్ట్ బస్సులూ రైళ్లూ రావు. నీ కాలేజీ ఉన్న రిచర్డ్‌సన్‌కు వస్తాయి. కాలేజీ వైపు తిరిగే కామెట్ క్రూజర్ బస్సు దారి మ్యాప్‌లో పెట్టుకుని, ఆ దారి పక్కనే ఇల్లు చూడు. అద్దె కొంచెం ఎక్కువైనా సరే, ఈ ఒక్క విషయంలో బేరం ఆడొద్దు.

అపార్ట్‌మెంట్ ప్రకటనల్లో వాక్ స్కోర్ అని ఒక అంకె కనిపిస్తుంది. సున్నా నుంచి 100 దాకా ఉంటుంది. కొట్లూ హోటళ్లూ ఐదు నిమిషాల నడకలో ఉంటే నిండా మార్కులు, దూరం పెరిగేకొద్దీ తగ్గిస్తారు. మొదటి వడపోతకు అది పనికొస్తుంది. కానీ ఆ కొట్టుకీ నీ ఇంటికీ మధ్య ఫుట్‌పాత్ ఉందా లేదా అన్నది ఆ అంకె చెప్పదు.

అది చెప్పేది గూగుల్ మ్యాప్స్‌లో వీధి ఫోటోలు. స్ట్రీట్ వ్యూ తెరిచి, ఇంటి గేటు దగ్గర మొదలుపెట్టి ఇండియన్ స్టోర్ దాకా జరుపుకుంటూ వెళ్లు. ఫుట్‌పాత్ ఉన్నట్టుండి గడ్డిలో కలిసిపోతోందా? సిగ్నల్ స్తంభానికి నడిచేవాళ్లు నొక్కే బటన్ ఉందా? ఫోటో ఏ ఏడాదిదో కూడా చూడు, పాతదైతే రోడ్డు మారి ఉండొచ్చు. తర్వాత శాటిలైట్ వ్యూలో పైనుంచి చూడు. ఇక్కడి అపార్ట్‌మెంట్లకు చుట్టూ కంచె, కోడ్ కొడితే తెరుచుకునే గేట్లు ఉంటాయి. పక్క కాంప్లెక్స్ లోపలి నుంచి వెళ్లిపొమ్మని మ్యాప్ చెప్తుంది, తీరా వెళ్తే వెనక గేటుకు తాళం. పది నిమిషాల దారి అరగంట అవుతుంది.

ఇక్కడ అసలు పరీక్ష హైవే దాటడం. మ్యాప్‌లో అర మైలే కదా అనిపిస్తుంది, మధ్యలో 75 నంబరు హైవే ఉంటుంది. హైవేకు రెండు వైపులా సర్వీస్ రోడ్లు, వాటికి వేరే సిగ్నళ్లు. ఇవి చాలవన్నట్టు హైవే కింద చాలాచోట్ల యూ టర్న్ లేన్ ఒకటి విడిగా ఉంటుంది. అందులో కార్లు సిగ్నల్‌తో పని లేకుండా గిరుక్కున తిరిగి వచ్చేస్తాయి. నీకు నడిచే మనిషి బొమ్మ వెలిగిందని ధీమాగా వెళ్లొద్దు, ఆ లేన్ దగ్గర ఆగి చూసి దాటు. ఇంకోటి, ఎర్ర లైటు ఉన్నా ఇక్కడ కుడివైపు తిరగొచ్చు. అలా తిరిగే డ్రైవర్ ఎడమ నుంచి వచ్చే కార్లనే చూస్తుంటాడు, అతనికి కుడిపక్క నిలబడ్డ నువ్వు కనిపించవు. అతను తల తిప్పి నీ ముఖం చూసేదాకా కాలు కింద పెట్టకు. ఫుట్‌పాత్ లేనిచోట రోడ్డుకు ఎడమ పక్కన, ఎదురుగా వచ్చే బండ్లు కనిపించేలా నడవమని టెక్సాస్ చట్టం. మన ఊళ్లో బండ్లు ఎడమన పోతాయి కాబట్టి నీకు మొదట్లో అంతా తిరగేసినట్టుంటుంది.

రైలూ బస్సుల సంగతి తేలికే. టికెట్లకు గోపాస్ యాప్. ఎయిర్‌పోర్టుకు 2014 నుంచి ఆరెంజ్ లైన్ రైలు ఉంది. 2025లో సిల్వర్ లైన్ కూడా వచ్చింది, దానికి మీ యూనివర్సిటీ దగ్గరే స్టేషన్. దారి వెతికేటప్పుడు మాత్రం "ఇప్పుడు" అని వదిలెయ్యకుండా, నువ్వు నిజంగా తిరిగొచ్చే రోజూ టైమూ పెట్టి వెతుకు. మంగళవారం పొద్దున బస్సు బాగానే దొరుకుతుంది, ఆదివారం రాత్రి పార్ట్‌టైమ్ ఉద్యోగం నుంచి రావాలంటే కథ వేరు. టైమ్‌టేబుల్ చూసి చెప్పే టైమూ, బస్సు ఈ క్షణాన ఎక్కడుందో చూసి చెప్పే టైమూ ఒకటి కావు. రెండోది చూపించే ట్రాన్సిట్ అనే యాప్ కూడా వేసుకో. చీకటి పడ్డాక వస్తుంటే లైవ్ లొకేషన్ రూమ్మేట్‌కి పెట్టు. మొహమాటపడకు.

ఆగస్టులో దిగుతున్నావు. ఎండ 100 ఫారెన్‌హీట్ దాటే రోజులవి, చాలా బస్టాపులకు నీడ ఉండదు. వెదర్ డాట్ గవ్‌లో గంట గంటకూ వాతావరణం చూపిస్తారు, సరుకులకు పొద్దున్నే వెళ్లు. గొడుగు పట్టుకుంటే ఎవరైనా వింతగా చూస్తే చూడనీ.

చివరగా ఒకటి. బటన్ నొక్కినా మనిషి బొమ్మ వెలగని సిగ్నళ్లు తగులుతాయి. తిట్టుకుంటూ దాటెయ్యకు. డాలస్ హద్దుల్లో అయితే 311 అనే సిటీ ఫోన్ నంబరుకి, రిచర్డ్‌సన్‌లో అయితే ఆ సిటీ వెబ్‌సైట్‌లో ఫిర్యాదు పెట్టు. రెండు వీధుల పేర్లు, నువ్వు నిలబడ్డ మూల, టైము, ఒక ఫోటో ఉంటే చాలు. నీ వెనకాల స్ట్రోలర్ తోసుకుంటూ వచ్చే తల్లికీ, చూపు ఆనని నాలాంటివాళ్లకీ ఆ సిగ్నల్ కావాలి.

మీ అమ్మానాన్నలను అడిగానని చెప్పు.

నీ పిన్ని