కట్టాడా, కట్టించాడా? ఒక యువ అనువాదకునికి లేఖ

హైదరాబాద్

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన అనువాదం రెండుసార్లు చదివాను. ‘చార్మినార్ 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా చేత నిర్మించబడింది’ అన్న మొదటి వాక్యం దగ్గరే నా పెన్సిలు ఆగింది. మూలంలో ‘వాజ్ బిల్ట్ బై’ అని ఉంది కనుక వ్యాకరణ దోషమేమీ లేదు. కానీ ఇంట్లో మాట్లాడేటప్పుడు నువ్వైనా ‘కులీ కుతుబ్ షా కట్టించాడు’ అనే అంటావు. రాళ్లు మోసినవాళ్లు వేరు, మోయించినవాడు వేరు అన్న సంగతిని మన ‘ఇంచు’ ప్రత్యయం ఒక్క ముక్కలో చెప్పేస్తుంది. ఇంగ్లీషు మాత్రం కట్టించిన రాజు విషయంలో కూడా ‘బిల్ట్’ అనే అంటుంది.

అలాగని ఇంగ్లీషుకు ఆ తేడా పట్టదనుకోకు. మంగలి షాపు నుంచి వచ్చి ‘ఐ కట్ మై హెయిర్’ అంటే కత్తెర నీ చేతిలోనే ఉందనుకుంటారు. ‘ఐ హ్యాడ్ మై హెయిర్ కట్’ అనాలి. అక్కడ పదాల వరుసే ప్రాణం. ‘హ్యాడ్ పెయింటెడ్ ద హౌస్’ అంటే అప్పటికే రంగులు వేశాడని, ‘హ్యాడ్ ద హౌస్ పెయింటెడ్’ అంటే వేయించాడని అర్థం. తొలిరోజుల్లో ఈ రెండో వాక్యాన్ని మొదటిదిగా చదువుకుని, పాపం, ఒక ముసలి జమీందారును నేనే నిచ్చెన ఎక్కించాను. అచ్చయ్యాక గానీ నా కంట పడలేదు.

నిన్ను తికమక పెడుతున్నది బహుశా మన ‘చేత’. ‘దర్జీ చేత కుట్టించాను’ అన్నా, ‘దర్జీ చేత కుట్టబడింది’ అన్నా అదే విభక్తి. ఇంగ్లీషులో ‘హ్యాడ్’ తరువాత మనిషి వస్తే ‘హ్యాడ్ ద టైలర్ స్టిచ్ ఇట్’ అని క్రియ మొదటి రూపంలోనే ఉంటుంది. వస్తువు వస్తే ‘హ్యాడ్ ద షర్ట్ స్టిచ్డ్’ అని మూడో రూపం వస్తుంది. చొక్కా తనను తాను కుట్టుకోదు కదా! అంటే ఈ రెండో ప్రేరణార్థక వాక్యం (పని చేయించడాన్ని చెప్పేది) కడుపులో కర్మణి ప్రయోగం, అంటే మన ‘బడు’ లాంటిది, దాగి ఉందన్నమాట. ‘గెట్’ అయితే మనిషి తరువాత ‘టు’ కావాలి, ‘మేక్’కు అక్కరలేదు, కానీ కర్మణిలోకి మారగానే ‘వాజ్ మేడ్ టు వెయిట్’ అని ఆ ‘టు’ మళ్లీ ప్రత్యక్షమవుతుంది. నాలుగో పేజీలో దీనికి నువ్వు రాసిన ‘వేచి ఉండేలా చేయబడ్డాడు’ కొట్టేసి, ‘కూర్చోబెట్టారు’ అను. ఎవరన్నది చెప్పనక్కరలేని చోట మన బహువచన క్రియ చాలు. ‘బడు’ను ‘ఇచ్చట సైకిళ్లు రిపేరు చేయబడును’ అనే బోర్డులకు వదిలెయ్.

‘ఉస్మాన్ సాగర్ 1920లో పూర్తయింది’ అన్న వాక్యాన్ని మాత్రం ముట్టుకోకు. మూలంలోని ‘వాజ్ కంప్లీటెడ్’ను ‘పూర్తి చేయబడింది’ అనకుండా నీ చెవి దానంతటదే తప్పించుకుంది.

ఆశీస్సులతో,
మీ మాస్టారు