ఐటీఐ సర్టిఫికెట్‌ను ఇంటర్‌తో సమానంగా తీసుకుంటారా? – సమాధానం

నమస్కారమండీ. పదో తరగతి తర్వాత రెండేళ్ల ఎలక్ట్రీషియన్ ఐటీఐ పూర్తిచేసిన మీ తమ్ముడిని, ఇంటర్ లేదన్న కారణంతో డిగ్రీ కళాశాలవారు చేర్చుకోలేదని రాశారు. చేతిలో జాతీయ సర్టిఫికెట్ ఉన్నా ఇలా జరగడం బాధాకరమే గాని, ఇందులో కళాశాల తప్పేమీ లేదు. 2013లో వచ్చిన జాతీయ నైపుణ్య అర్హతల చట్రమైనా, 2018లో ప్రకటించిన ఎన్‌సీవీఈటీ అనే వృత్తివిద్యా నియంత్రణ మండలి అయినా నైపుణ్య స్థాయిని నిర్ధారిస్తాయి తప్ప, దానంతటదే ఇంటర్ సమానత్వాన్ని కట్టబెట్టవు.

మీకు దారి జాతీయ సార్వత్రిక విద్యాపీఠంలో, అంటే ఎన్ఐఓఎస్‌లో ఉంది. పదో తరగతి తర్వాత రెండేళ్ల ట్రేడు చదివి ఎన్‌టీసీ (జాతీయ ట్రేడ్ సర్టిఫికెట్) పొందినవారి ఐటీఐ సబ్జెక్టులకు అక్కడ క్రెడిట్ బదిలీ చేస్తారు కాబట్టి, ఒక భాష, మరొక సబ్జెక్టు పరీక్షలు రాసి గట్టెక్కితే ఇంటర్‌తో సమానమైన సీనియర్ సెకండరీ సర్టిఫికెట్ చేతికొస్తుంది. దరఖాస్తుకు ముందు ఎన్‌టీసీ మీద ఉన్న పేరును టెన్త్ మెమోతో అక్షరం అక్షరం సరిచూడండి. ఒకదానిలో ఇంటిపేరు పూర్తిగా, మరొకదానిలో పొడి అక్షరంగా ఉంటే (మన పేర్లతో ఇది మామూలే) ముందే సవరించుకోవడం మేలు.

అయితే అతనికి ఎలక్ట్రికల్ పనిమీదే మక్కువ ఉంటే, నా ఉద్దేశంలో డిగ్రీ కన్నా పాలిటెక్నిక్ రెండో సంవత్సరంలో నేరుగా చేరే లేటరల్ ఎంట్రీయే నయం. దాని అర్హతలను మాత్రం మీ రాష్ట్ర సాంకేతిక విద్యాశాఖ ఈ ఏటి నోటిఫికేషన్‌లోనే చూడండి.