పాఠకుల ప్రశ్నలు: పెయింట్‌బాల్‌కి వెళ్తున్నారా? ముందు మాస్క్ సంగతి చూడండి

ప్రశ్న: మా అబ్బాయి గచ్చిబౌలిలో ఉద్యోగం చేస్తున్నాడు. వచ్చే శనివారం ఆఫీసు వాళ్లంతా ఊరి బయట రిసార్టుకెళ్లి పెయింట్‌బాల్ ఆడతారట. గన్నులతో ఒకరినొకరు కాల్చుకునే ఆట అని చెప్పాడు, అప్పట్నుంచి నాకు ఒకటే టెన్షన్. వాడికి కళ్లద్దాలు కూడా ఉన్నాయి. వెళ్లనివ్వచ్చా?
– ఒక తల్లి, నిజామాబాద్

జవాబు: వెళ్లనివ్వండమ్మా. కాకపోతే ఒక్క మాట మాత్రం ఒట్టు వేయించుకుని మరీ పంపండి. ఫీల్డ్‌లో ఉన్నంతసేపూ, ఏం జరిగినా సరే, ముఖం మీది మాస్క్ తీయకూడదు. మిగతా రూల్స్ అన్నీ దీని తర్వాతే.

గన్నులోంచి వచ్చే ఆ బాల్ చూడ్డానికి చిన్నది, జెలటిన్ తొడుగులో నీళ్లతో కడిగితే పోయే రంగు, బరువు 3 గ్రాములు ఉంటుందేమో. ఒంటికి తగిలితే చురుక్కుమంటుంది, కమిలిపోతుంది, కొన్ని రోజుల్లో తగ్గిపోతుంది. కానీ అది బ్యారెల్‌లోంచి సెకనుకు 280 అడుగుల వేగంతో, అంటే గంటకు 300 కిలోమీటర్లకు పైనే వస్తుంది. క్రికెట్ బాల్ పెద్దది కాబట్టి కంటి చుట్టూ ఉన్న ఎముక దాన్ని కొంతైనా ఆపుతుంది, ఇది 17 మిల్లీమీటర్లే కావడంతో నేరుగా కంటి గుంటలోకే పోతుంది. కంటి లోపల రక్తం కారడం, రెటీనా ఊడిపోవడం, చివరికి కనుగుడ్డే చిట్లిపోవడం దాకా రావచ్చు. చూపు పోయేంత దెబ్బలు ఎక్కువగా తగిలేది మాస్క్ లేనప్పుడే.

మరి పెట్టుకున్న మాస్క్ ఎందుకు తీస్తారంటారా? మన ఉక్కపోతకి పది నిమిషాల్లో అద్దం మీద ఆవిరి పట్టేస్తుంది. బంకర్ వెనక, అంటే దాక్కోవడానికి పెట్టిన అడ్డు వెనక, నక్కి కూర్చున్నవాడికి ఎదురుగా ఏమీ కనబడదు, ఇక్కడ నన్నెవరు చూస్తారులే అని బొటనవేలితో మాస్క్ కింది అంచు పైకెత్తి, టీషర్టు కొసతో అద్దం తుడుస్తాడు. అసలు ప్రమాదం ఆ రెండు సెకన్లలోనే ఉంది! అలాంటప్పుడు చెయ్యెత్తి మార్షల్‌ని, అంటే ఆటని చూసుకునే రిఫరీని పిలవాలి, మాస్క్‌తోనే ఫీల్డ్ చుట్టూ కట్టిన వల అవతలికి వెళ్లి తుడుచుకోవాలి. ఔటై నడిచి వస్తున్నా తీయకూడదు, విజిల్ పడి ఆట ముగిసినా అందరి గన్నుల మూతికీ బ్యారెల్ కవర్లు తొడిగారని మార్షల్ చెప్పేదాకా తీయకూడదు.

కళ్లద్దాల మీద పట్టే మాస్కులు ఉంటాయి, రెండు పొరల లెన్స్ ఉన్నది అడగమనండి, ఆవిరి తక్కువ పడుతుంది. లెన్స్ మీద చిన్న పగులు కనిపించినా మార్చమనాలి, మొహమాటపడొద్దు. కూలింగ్ గ్లాసులు, బైక్ గాగుల్స్ దీనికి ఎందుకూ పనికిరావు, పెయింట్‌బాల్ కోసమే చేసిన మాస్క్ మీద ఏఎస్‌టీఎం ఎఫ్1776 అనే భద్రతా ప్రమాణం గుర్తు ఉంటుంది. ఫుల్ హ్యాండ్స్ చొక్కా, మెడకి ఒక గుడ్డ, కాళ్లకి బూట్లు ఉంటే చాలు.

ప్రశ్న: మేం ఇంజనీరింగ్ స్టూడెంట్లం. మొన్న ఆడినప్పుడు బాల్ తగిలింది గానీ పగల్లేదు, ఔటా కాదా అని పెద్ద గొడవైంది. రూల్ ఏంటండీ?
– విశాఖపట్నం

జవాబు: పగలకపోతే ఔట్ కాదు. ఒంటి మీద పగిలి రంగు అంటితేనే హిట్. పక్కనున్న డ్రమ్ముకి తగిలి చింది పడిన తుంపర్లు లెక్కలోకి రావు. చాలాచోట్ల చేతిలోని గన్నుకి తగిలినా ఔటే, అది ఆటకి ముందే అడిగి తేల్చుకోండి. వీపు మీద తగిలిందేమోనని అనుమానమొస్తే ‘పెయింట్ చెక్’ అని అరవండి, మార్షల్ వచ్చి చూస్తాడు. అంటిన రంగు తుడిచేసుకుని ఆడేవాణ్ని మాత్రం ఎవరూ క్షమించరు, క్షమించకూడదు కూడా.

హిట్ అయితే గట్టిగా ‘హిట్’ అని చెప్పి, చెయ్యి పైకెత్తి బయటికి నడవాలి. వెళ్తూ వెళ్తూ ఫలానావాడు ఫలానాచోట ఉన్నాడని మనవాళ్లకి చెప్పకూడదు. చెయ్యెత్తినవాడిని కొట్టకూడదు. తల బయటపెట్టకుండా గన్ను మాత్రం బంకర్ మీద పెట్టి గుడ్డిగా కాల్చకూడదు. నాలుగైదు మీటర్ల దగ్గరికి వెళ్లిపోతే కాల్చే బదులు ‘సరెండర్’ అని అడగడం మర్యాద, చాలా ఫీల్డుల్లో అది రూల్ కూడా.

ఇంకో సంగతి చెప్పాలి. 1981 జూన్ 27న అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ అడవిలో 12 మంది ఈ ఆట మొదటిసారి ఆడారు. అడవుల్లో చెట్లకి రంగు గుర్తు వేయడానికి వాడే గన్నులే అప్పుడు వాళ్ల చేతుల్లో ఉన్నవి. దెబ్బ తగలకుండా అక్కడక్కడా ఉంచిన జెండాలు తెచ్చుకోవడమే ఆట. అలా జెండాలన్నీ తెచ్చి గెలిచినాయన ఒక్క బాల్ కూడా కాల్చలేదు. కనబడినవాణ్నల్లా కొట్టుకుంటూ పోవడమే ఆట అనుకునే మీ ఫ్రెండ్స్‌కి ఇది తప్పకుండా చెప్పండి.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్‌లో రెండు గన్నులు కొన్నాం. మా మామిడితోటలోనే ఆడుకుందామని ప్లాన్. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?
– ఏలూరు

జవాబు: తోటలో వద్దు. మీరు మాస్కులు పెట్టుకుంటారు సరే, గట్టు మీద నడిచొచ్చే కూలీలకి, కాయలేరుకునే పిల్లలకి ఎవరు పెడతారు? ఫీల్డులో చుట్టూ వల ఉంటుంది, ఆటకి ముందు ప్రతి గన్ను వేగం క్రోనోగ్రాఫ్‌తో కొలుస్తారు, ఎక్కువుంటే తగ్గిస్తారు. పాత గన్ను ఎంత వేగంతో కొడుతోందో చూసి చెప్పడం ఎవరివల్లా కాదు. పైగా గన్నులోంచి బాల్‌ని నెట్టే గాలి సిలిండర్‌లో 3,000 పీఎస్‌ఐ, కొన్నిటిలో 4,500 పీఎస్‌ఐ ప్రెషర్ ఉంటుంది. టెస్ట్ గడువు దాటిన సిలిండర్ నింపించకండి, దాని మరలకి నూనె రాయకండి. కింద పడిన బాల్స్ ఏరి మళ్లీ వేయకండి, తేమకి ఉబ్బి బ్యారెల్‌లో ఇరుక్కుంటాయి. ఇంట్లో కుక్క ఉంటే మిగిలిన బాల్స్ దానికి అందకుండా దాచండి, ఎక్కువ తింటే ప్రాణం మీదికి రావచ్చు.

ప్రశ్న: ఒకవేళ కంటికి తగిలితే వెంటనే ఏం చేయాలి?
– కర్నూలు

జవాబు: నలపకూడదు, నొక్కకూడదు, ఇంట్లో ఉన్న చుక్కల మందేదో వేయకూడదు. పేపర్ కప్పు అడుగుభాగం కత్తిరించి, కంటికి తగలకుండా చుట్టూ ఎముక మీద ఆనేలా పెట్టి ప్లాస్టర్ వేయండి. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ మింగకండి, రక్తస్రావం పెరగొచ్చు. నొప్పి తగ్గింది, బాగానే కనబడుతోంది అనిపించినా ఆ రోజే కంటి ఆసుపత్రికి వెళ్లండి, తెల్లారేదాకా ఆగొద్దు. లోపల ప్రెషర్ పెరగడం, రెటీనా దెబ్బతినడం బయటికి తెలియవు, డాక్టర్ కంటిపాప పెద్దది చేసి చూస్తేనే బయటపడతాయి.