‘కాలేజీ పొలంలో వాలంటీర్లను నడిపించడమే నాకిష్టం’ అంటోంది మా బిడ్డ

ప్రశ్న: మాది నల్గొండ జిల్లా. నాలుగెకరాల్లో వరి వేస్తాను. మా బిడ్డ బీఎస్సీ (ఆనర్స్) అగ్రికల్చర్ మూడో ఏడాది. పోయిన వానాకాలం నుంచి ఆదివారం వచ్చిందంటే కాలేజీ ఫామ్‌లోనే ఉంటోంది. ఎన్‌ఎస్‌ఎస్ పిల్లలనూ జూనియర్లనూ వెంటేసుకుని నాట్లు, కలుపు, కోతలు అన్నీ చూసుకుంటోందట. వాళ్ల సారే ఈ పని ఆమెకు అప్పజెప్పారు. మొన్న సెలవులకు వచ్చినప్పుడు ‘నాకు ఈ పనే ఇష్టం నాన్నా, ఇందులోనే ఉద్యోగం చూసుకుంటా’ అంది. తోటి పిల్లలంతా పీజీ ఎంట్రన్స్‌కు, గ్రూప్స్‌కు కోచింగ్ తీసుకుంటున్నారు. మట్టి పని వద్దనే కదా మేం చదివించింది? జీతం లేని చాకిరీ పట్టుకుని కూర్చుంటే ముందుముందు ఏమవుతుందోనని భయంగా ఉంది. - ఒక తండ్రి

జవాబు: నేనూ రైతు ఇంటి నుంచి వచ్చి వ్యవసాయ డిగ్రీ చదివినవాణ్నే. మీ మాట మా నాన్న నోట కూడా విన్నాను. కాబట్టి మీ భయం నాకు తెలుసు. అయితే పొలంలో మీరు చేసే పని, ఫామ్‌లో మీ బిడ్డ చేస్తున్న పని ఒకటి కావు. మీ మడికి పని తెలిసిన కూలీలు వస్తారు. నాటు పెట్టే చేయి ఎంత లోతుకు వెళ్లాలో వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కాలేజీ ఫామ్‌కు ఆదివారం పొద్దున వచ్చే పిల్లల్లో చాలామంది దమ్ము చేసిన మడిలో కాలు పెట్టడం అదే మొదటిసారి. వాళ్లకు కూలి ఇవ్వరు, మస్టర్ ఉండదు, రాకపోతే అడిగేవాళ్లూ ఉండరు. అలాంటి వాళ్లతో పంట పాడవకుండా పని చేయించడం, వచ్చే ఆదివారం కూడా వాళ్లంతట వాళ్లే వచ్చేలా చూసుకోవడం చిన్న విద్య కాదు.

అది ఎంత కష్టమో నాకు ఒక పొద్దుట తెలిసింది. రెండో ఏడాదిలో ఉండగా ముప్పై మందిని ఒక వరి మడిలో కలుపు తీయించే పని నాకు ఇచ్చారు. ‘ఊద పీకండి’ అని చెప్పి గట్టు మీద నిలబడ్డాను. గంట తర్వాత గట్టున పడ్డ కుప్ప చూస్తే అందులో వరి దుబ్బులున్నాయి. మడిలో ఊద పచ్చగా అలాగే ఉంది. తప్పు పిల్లలది కాదు. పాతిక రోజుల వయసులో ఊద, వరి పక్కపక్కన ఉంటే కొత్తవాళ్ల కంటికి ఒకేలా కనిపిస్తాయి. ఆ ఫామ్‌లో ఏళ్లుగా పనిచేస్తున్న ఒక పెద్దమ్మ వచ్చి ఒక ఊద మొక్కను, ఒక వరి మొక్కను నా చేతిలో పెట్టింది. ఆకు కాండానికి అతుక్కునే చోట వేలితో విప్పి చూపించింది. వరికి అక్కడ తెల్లటి పల్చని పొర, పక్కన సన్నటి వెంట్రుకల్లాంటి చిన్న చెవులు ఉంటాయి. ఊదకు అక్కడ ఏమీ ఉండదు, నున్నగా ఉంటుంది. ఆ తర్వాతి వారం పిల్లలు మడిలోకి దిగే ముందే ఒక్కొక్కరి చేతిలో రెండు మొక్కలూ పెట్టి ఆ చోటు విప్పి చూడమన్నాను. రెండు నిమిషాలు పట్టింది. ఆ రోజు కుప్పలో వరి దాదాపు కనబడలేదు. మీ బిడ్డ వారం వారం చేస్తున్నది ఇదే. పని తెలియనివాళ్లకు రెండు నిమిషాల్లో అర్థమయ్యేలా చెప్పడం నేర్చుకుంటోంది.

యూనివర్సిటీ ఫామ్‌లో మామూలు పొలంలో లేని చిక్కు ఇంకోటి ఉంది. అక్కడ చాలా మళ్లు ప్రయోగాలకే పోతాయి. కలుపు మందుల మీద ట్రయల్ పెడితే అందులో కొన్ని ప్లాట్లను కావాలనే కలుపు తీయకుండా వదిలేస్తారు. వాటిని వీడీ చెక్ అంటారు. మందు వేసిన ప్లాటులో ఎంత మేలు జరిగిందో తేల్చేది ఆ ప్లాటుతో పోల్చే. ఉత్సాహం ఉన్న వాలంటీర్ ఒకడు ‘అయ్యో, ఇక్కడెవరూ కలుపు తీయలేదే’ అనుకుని దాన్ని శుభ్రం చేశాడంటే ఒక ఎమ్మెస్సీ విద్యార్థి సీజన్ శ్రమ గంగలో కలిసినట్టే. అందుకే తెలిసిన కోఆర్డినేటర్ ముందురోజు సాయంత్రమే వెళ్లి ఏ మడిలో దిగొచ్చో, ఏ మడికి తాడు కట్టాలో చూసుకుంటుంది. పురుగుమందు కొట్టిన మడి ఉంటే, ఎన్ని రోజుల వరకు అందులో ఎవరూ దిగకూడదో బోర్డు మీద రాస్తుంది. డబ్బా మీద ఎర్ర త్రికోణం (అతి విషమని గుర్తు) ఉన్న మందు కొట్టిన మడి దగ్గరికి పిల్లలను అసలు పోనివ్వదు.

నాట్ల రోజు సంగతి మీకు వేరే చెప్పాలా? నారు పాతిక, ముప్పై రోజులు దాటితే ముదిరిపోతుంది. దోమపోటు రాకుండా ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట తూర్పు పడమరలుగా వదలాలి. కాండం తొలుచు పురుగు గుడ్లు పోవాలంటే నారు కొసలు తుంచి నాటాలి. లోతుగా కుక్కకుండా పైపైన నాటితేనే పిలకలు బాగా వస్తాయి. ఇవన్నీ మీ చేతికి అలవాటే. ముప్పై మంది పట్నం పిల్లలకు మాత్రం ఒక్కోటీ కొత్తే. ముందుగా తాళ్లు కట్టకపోతే పది గంటలకల్లా కాలిబాట మాయమవుతుంది. దానికి తోడు మిడ్ పరీక్షల వారంలో యాభై మంది పేర్లిచ్చి పన్నెండు మంది వస్తారు. కలుపేమో ఆగదు. ఆ పన్నెండు మందితో ఏ మడి ముందు చేయాలి, ఏది మరో నాలుగు రోజులు ఆగగలదు అని తేల్చుకోవడానికి పంటా తెలియాలి, మనుషులూ తెలియాలి. ఈ రెండూ తెలిసిన గ్రాడ్యుయేట్లు తక్కువ. నా దగ్గరికి సలహాకు వచ్చే పిల్లల్లో మార్కులు బాగా ఉండి, పది మంది ముందు నిలబడి పని చెప్పలేనివాళ్లను ఎంతమందిని చూశానో.

మీరు ‘జీతం లేని చాకిరీ’ అన్న మాటను మాత్రం కొట్టిపారేయను. జాతీయ సేవా పథకం (ఎన్‌ఎస్‌ఎస్) 1969లో, గాంధీజీ శతజయంతి ఏడాదిలో మొదలైంది. ఏడాదికి 120 గంటలు, రెండేళ్లలో 240 గంటల సేవ, ఒక ఏడు రోజుల ప్రత్యేక శిబిరం పూర్తి చేస్తే సర్టిఫికెట్ వస్తుంది. ఆ సర్టిఫికెట్ ఒక్కటే చూసి ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. మీ బిడ్డ గంటలు 240 దాటి చాలాకాలమై ఉంటే, ఆ మిగతా గంటలు ఎటు పోతున్నాయో అడగాల్సిందే. ఇంకో సంగతి కూడా ఆమెను అడగండి. వాలంటీర్లు వస్తున్నారని ఫామ్‌లో కూలీల పనిదినాలు తగ్గిస్తున్నారా? తగ్గిస్తుంటే ఆమె సారుతో గట్టిగా మాట్లాడాలి. నాకు ఊద చూపించిన పెద్దమ్మ లాంటివాళ్ల నోటి ముద్ద తీసి పిల్లలకు పాఠం చెప్పడం న్యాయం కాదు. నలుగురైదుగురు పిల్లలకు అలాంటి ఒక్కరిని పెద్దదిక్కుగా పెట్టి, ఆ రోజు ఆమె కూలి ఆమెకు ఇప్పించడం సరైన పద్ధతి. పిల్లలకు పని వస్తుంది, ఆమెకు గౌరవమూ దక్కుతుంది.

ఇక ఉద్యోగాలు. ఈ పనికి అతి దగ్గరగా ఉండేది రైతులకు కొత్త పద్ధతులు చూపించి నేర్పే కృషి విజ్ఞాన కేంద్రంలో ఫామ్ మేనేజర్ పోస్టు. 1974లో పుదుచ్చేరిలో మొదలైన ఈ కేంద్రాలు ఇప్పుడు దేశంలో 730కి పైగా ఉన్నాయి. ఒక్కో కేంద్రానికి 16 పోస్టులుంటే అందులో ఫామ్ మేనేజర్ ఒకటి. అగ్రికల్చర్ డిగ్రీ చాలు. పే లెవెల్ 6, అంటే మూలవేతనం ₹35,400తో మొదలవుతుంది. మీ జిల్లాలోనే కంపాసాగర్‌లో యూనివర్సిటీ నడిపే కేంద్రం ఉంది. పక్కన సూర్యాపేట జిల్లా గడ్డిపల్లిలో ఉన్నది స్వచ్ఛంద సంస్థ నడిపేది. జీతం స్కేలు ఒకటే కనిపించినా పెన్షన్, అలవెన్సులు నడిపే సంస్థను బట్టి మారతాయి. దరఖాస్తుకు ముందే ఆ వివరం రాతపూర్వకంగా అడగాలి. ఒక్కో కేంద్రానికి ఒక్కటే పోస్టు కాబట్టి నోటిఫికేషన్లు విడివిడిగా, ఎప్పుడో ఒకటి అన్నట్టు వస్తాయి. ఈ ఒక్క ఉద్యోగాన్నే నమ్ముకుని కూర్చోవద్దని నేను స్పష్టంగా చెబుతాను.

వ్యవసాయ శాఖలో ఏఈవో (వ్యవసాయ విస్తరణ అధికారి), ఏవో (వ్యవసాయ అధికారి) ఉద్యోగాలు మీకు వేరే దారి అనిపించవచ్చు. నాకైతే అది ఈ దారే. తెలంగాణలో సుమారు 5,000 ఎకరాలను ఒక క్లస్టర్ చేసి ఒక్కో ఏఈవోకు అప్పగించారు. రైతు వేదికకు (క్లస్టర్‌లో రైతులు కలిసే భవనానికి) రైతులను రప్పించడం, వచ్చినవాళ్లు విసుక్కోకుండా కూర్చునేలా చెప్పడం, ఎవరి పొలం ముందు చూడాలో తేల్చుకోవడం ఆ ఉద్యోగంలో రోజూ ఉండేదే. పరీక్ష రాసి ఆ కుర్చీలోకి వచ్చాక మొదటి ఏడాది అల్లాడేది మనుషులతో పని అలవాటు లేనివాళ్లే. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ రైతు సాధికార సంస్థ నడిపే ప్రకృతి సేద్యం కార్యక్రమంలోనూ వ్యవసాయ గ్రాడ్యుయేట్లను ఊళ్లలో పెట్టి పనిచేయిస్తున్నారు. స్వచ్ఛంద సంస్థల్లో మొదటి జీతం తక్కువగానే ఉంటుంది, ఆ విషయం దాచను. మేనేజ్‌మెంట్ వైపు మనసుంటే హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విస్తరణ శిక్షణ ఇచ్చే మేనేజ్ (MANAGE) సంస్థలో అగ్రి బిజినెస్ పీజీ డిప్లొమా ఉంది. దానికి క్యాట్ స్కోరు కావాలి. ఇంటర్వ్యూలో ‘మనుషులను నడిపించిన అనుభవం ఏమైనా ఉందా’ అని అడిగితే మీ బిడ్డ దగ్గర చెప్పడానికి నిజమైన సంగతి ఉంటుంది.

విదేశాల్లో ఈ పని పూర్తి ఉద్యోగంగానే ఉంది. అమెరికాలో కాలిఫోర్నియా యూనివర్సిటీ శాంటాక్రూజ్ క్యాంపస్‌లో 1967లో ఒక తోటతో మొదలైనది తర్వాత పెద్ద ఫామ్ అయింది. అదే యూనివర్సిటీ డేవిస్ క్యాంపస్‌లో స్టూడెంట్ ఫామ్ 1977 నుంచి నడుస్తోంది. ఇలాంటి చోట్ల విద్యార్థులకు, వాలంటీర్లకు పని పంచి పంట చూసుకోవడానికే జీతం ఇచ్చి మనుషులను పెట్టుకుంటారు. ఎంఎస్‌కు వెళ్లే మన పిల్లలు క్యాంపస్ ఫామ్‌లో పనిచేయొచ్చు. కానీ ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలకు మించకూడదు. దీని కోసమే అప్పు చేసి అమెరికా పంపమని మాత్రం చెప్పను. యూనివర్సిటీలోనే పని ఇచ్చి ఫీజు మాఫీ చేసే అసిస్టెంట్‌షిప్ వస్తే అప్పుడు ఆలోచించండి.

మరి ఇప్పుడేం చేయాలి? నా సలహా ఒక్కటే. ఈ పని మాన్పించవద్దు, దీనికి ఒక హద్దు, ఒక లెక్క పెట్టించండి. ఆదివారం పొద్దున, వారంలో ఇంకో సాయంత్రం. అంతే. మిగిలిన సమయం ఐకార్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) పీజీ ఎంట్రన్స్‌కు. పీజీలో ఏ సబ్జెక్టు అని అడుగుతుంది. విస్తరణ విభాగం (రైతులకు విషయం చేరవేసే చదువు) వైపు లాగుతారు కొందరు, మనుషులతో పని కాబట్టి. నేనైతే అగ్రానమీ (పంటల సాగు శాస్త్రం) అంటాను. మనుషులతో మెలగడం ఆమెకు ఇప్పటికే వస్తోంది. పంట మీద పట్టు పెరిగితే ఆమె మాటకు బరువు పెరుగుతుంది. నాలుగో ఏడాదిలో రావెప్ (గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమం) కోసం ఊళ్లో రైతుల దగ్గర ఉండాలి, ఆ తర్వాత ఈఎల్‌పీ (చేసి నేర్చుకునే కార్యక్రమం) ఉంటుంది. అప్పటికి ఫామ్ పని చూసుకోవడానికి ఇద్దరు జూనియర్లను తయారు చేయమనండి. తాను లేని ఆదివారం కూడా పని సాగితే, ఆ మాట సిఫారసు లేఖలో రాయమని సారును అడగొచ్చు.

లెక్క అంటే నోట్‌బుక్. చాలామంది పిల్లలు ‘వాలంటీర్లను సమన్వయం చేశాను’ అని రెజ్యూమెలో ఒక్క లైను రాసి ఊరుకుంటారు. దాన్ని ఎవరూ నమ్మరు. అదే ‘26 మంది, మూడు గంటలు, పది గుంటల్లో రెండో కలుపు, ఇద్దరికి ఎండదెబ్బ లక్షణాలు, వచ్చే వారం ఆరింటికే మొదలుపెట్టాలి, ఓఆర్‌ఎస్ తేవాలి’ అని ఆ రోజే రాసుకున్న పేజీ చూపిస్తే సెలక్షన్ కమిటీ ఆగి చదువుతుంది. సీజన్ చివర దిగుబడి ఎంత, వాలంటీర్ గంటలు ఎన్ని, కూలి ఖర్చు ఎంత అన్నవి ఒక్క పేజీలో వేసి సారు సంతకం తీసుకోవాలి. ఏ మడిలో తప్పు జరిగిందో కూడా అందులో ఉండాలి. ఇంటర్వ్యూలో కూర్చున్నప్పుడు నేను మొదట చదివేది ఆ తప్పుల పేజీనే.

మీరు కూడా ఒక ఆదివారం కాలేజీ ఫామ్‌కు వెళ్లండి. ఆరింటికల్లా గట్టు మీద ఉండండి, ఎండ ముదరక ముందే పని అంతా అయిపోతుంది. ఆమె పని చెప్పే తీరు చూశాక నోట్‌బుక్ అడగండి. ఇంకా మొదలుపెట్టకపోతే ఆ రోజే మొదలుపెట్టమనండి. తేదీ, ఎంతమంది వచ్చారు, ఎన్ని గంటలు, ఎంత నేల. మొదటి పేజీకి ఈ నాలుగు చాలు.