వాచీలు చేస్తానంటే తప్పేంటండీ?

ప్రశ్న: మా అమ్మాయికి 17 ఏళ్లు. లెక్కలు, ఫిజిక్స్ బాగా వచ్చు. వాషెరాన్ కాన్‌స్టంటిన్ అనే స్విస్ వాచీల కంపెనీ చరిత్ర చదివి, స్విట్జర్లాండ్ వెళ్లి గడియారాలు తయారుచేయడం నేర్చుకుంటానని పట్టుబట్టింది. ఇంత చదివించి వాచీ రిపేర్ల పనిలో పెట్టామంటే నలుగురూ ఏమనుకుంటారు? లగ్జరీ బ్రాండ్ మేనేజ్‌మెంట్ చదివితే అదే కంపెనీలో హోదాగా ఉండొచ్చు కదా అన్నది మా ఆలోచన. రెండూ పోల్చి ఏది మంచిదో చెప్పండి.
- ఒక తండ్రి

జవాబు: ఈ ఉత్తరం నాకు కొత్త కాదండీ. వాచీల బదులు ఒకసారి వయొలిన్లుంటాయి, ఇంకోసారి వడ్రంగం ఉంటుంది. పిల్లలు చేత్తో చేసే పని ఇష్టమంటారు, పెద్దలు దాని పక్కనే ఉన్న మేనేజ్‌మెంట్ కోర్సు చూపించి ‘రెండూ ఒకటేగా’ అంటారు. పోల్చమన్నారు, పోలుస్తాను. కానీ మిమ్మల్ని నిద్రపోనివ్వనిది ఆ పోలిక కాదు, ‘నలుగురూ ఏమనుకుంటారు’ అన్న మాట. ముందు దాని సంగతి తేల్చుకుందాం.

అమ్మాయి ఆ కంపెనీ చరిత్ర చదివిందన్నారు. మీరు చదివారా? 1755 సెప్టెంబరు 17న జెనీవాలో జాన్-మార్క్ వాషెరాన్ అనే 24 ఏళ్ల కుర్రవాడు ఒక ఒప్పందం రాసుకున్నాడు. తన దగ్గర పని నేర్చుకోవడానికి చేరిన శిష్యుడి ఒప్పందం అది. ఇన్నేళ్లుగా ఆగకుండా నడుస్తున్న ఆ సంస్థ తన వయసును ఆ కాగితం మీది తేదీ నుంచే లెక్కపెట్టుకుంటుంది. మీరు మొహమాటపడుతున్న ఆ అప్రెంటిస్ పనే అక్కడ పుట్టినరోజు!

అప్పటి జెనీవాలో గడియారాల పనివాళ్లు వెలుతురు కోసం ఇళ్ల పై అంతస్తుల్లో, పెద్ద కిటికీల దగ్గర బల్లలు వేసుకుని కూర్చునేవారు. వాళ్లను ‘కాబినోతియే’లు అనేవారు. పుస్తకాలు చదివేవాళ్లు, రాజకీయాలు వాదించేవాళ్లు అని వాళ్లకు పేరు. తత్వవేత్త రూసో తండ్రి జెనీవాలో గడియారాలు చేసినవాడే. ఆ ‘నలుగురి’లో వీళ్లను కూడా కలుపుకోండి.

ఇక మీరు ముచ్చటపడుతున్న లగ్జరీ బ్రాండ్ మేనేజ్‌మెంట్. ఈ కోర్సు మీద నాకు మొదటినుంచీ అనుమానమే, దాచుకోను. కరపత్రం చాలా బాగుంటుంది: సరస్సు, సూటు, చేతికి వాచీ. లోపల చూస్తే మార్కెటింగ్, అకౌంట్స్, కాస్త కళాచరిత్ర. ఇవి ఏ మంచి బిజినెస్ డిగ్రీలోనైనా వస్తాయి, పైగా అది చదివినవాళ్లు రేపు సబ్బులూ అమ్మగలరు, సాఫ్ట్‌వేరూ అమ్మగలరు. ‘లగ్జరీ’ అన్న ఒక్క మాట తగిలించుకున్న పిల్లలకు తలుపులు పెరగడం నేను చూడలేదు, తగ్గడమే చూశాను. ఆ కోర్సు చేసి నా దగ్గరికి తిరిగొచ్చిన వాళ్లలో ఎక్కువమందికి దొరికిన మొదటి ఉద్యోగం షోరూములో నిలబడి అమ్మడం. తప్పేమీ కాదు. కానీ దానికోసమైతే ఆ ఫీజు కట్టనక్కర్లేదు.

అమ్మకం చిన్న పనని నేననడం లేదు. ఆ కంపెనీ పేరులో రెండో సగం ఒక అమ్మకాల మనిషిదే. ఫ్రాన్సువా కాన్‌స్టంటిన్ 1819లో భాగస్వామిగా చేరి, యూరప్ అంతా తిరిగి గిరాకీ తెచ్చాడు. ‘వీలైతే ఇంకా బాగా చేద్దాం, అది ఎప్పుడూ వీలయ్యేదే’ అన్న అర్థం వచ్చే మాట అదే ఏడాది ఉత్తరంలో రాశాడు. ఆ సంస్థ ఇప్పటికీ దాన్నే చెప్పుకుంటుంది. అయితే ఆయన వ్యాపారం నేర్చుకున్నది తిరిగి, అమ్మి.

ఇంకోటి. హోదా అన్నారు కదా, ఆ హోదాలన్నీ యజమానులతో పాటే మారతాయి. ఆ కంపెనీ 1987లో సౌదీ మాజీ చమురు మంత్రి షేక్ యమానీ చేతికి వెళ్లింది, 1996లో రిష్మాన్ అనే స్విస్ లగ్జరీ గ్రూపు కొనుక్కుంది. బల్ల ముందు కూర్చునే మనిషి అవసరం మాత్రం పోలేదు. 1755 నుంచి తాము చేసిన ఏ వాచీనైనా బాగుచేసి ఇస్తామని వాళ్లు మాటిస్తున్నారు. మీరు చులకన చేసిన రిపేరు పని ఇదేనండీ. రెండు వందల ఏళ్ల నాటి యంత్రాన్ని విప్పి, దొరకని విడిభాగాన్ని చేత్తో చేసి, మళ్లీ నడిపించగలగాలి.

అలాగని అక్కడంతా బంగారమని మీ అమ్మాయీ అనుకోకూడదు. వారసత్వం ఎవరికీ ఉద్యోగం కాపాడి పెట్టదు. 1969 డిసెంబరులో జపాన్ కంపెనీ సీకో బ్యాటరీతో నడిచే మొదటి క్వార్ట్జ్ చేతి వాచీని అమ్మకానికి పెట్టింది. 1970 ప్రాంతంలో స్విస్ గడియారాల పరిశ్రమలో దాదాపు 90,000 మంది ఉంటే, 1980ల మధ్యకొచ్చేసరికి సుమారు మూడో వంతే మిగిలారు. తర్వాత స్ప్రింగుతో నడిచే మెకానికల్ వాచీ తేరుకున్నది సమయం చెప్పడానికి కాదు, పనితనం చూపడానికి. అందుకే ఇవాళ ఆ పనితనమే సరుకు.

ఆ పనితనం ఏమిటో కూడా ఆమెకు తెలియాలి. 1886లో మొదలైన ‘జెనీవా ముద్ర’ అనే నాణ్యత గుర్తు నియమాల ప్రకారం వాచీ లోపల, కొన్నవాళ్లు ఎప్పటికీ చూడని భాగాల అంచులు కూడా ఏటవాలుగా దిద్ది మెరుగుపెట్టాలి. లోపలికి తిరిగే మూలలను పదునుగా తీర్చాలంటే చెయ్యే కావాలి. చక్రాలను పట్టి ఉంచే చిన్న పలకను ‘వంతెన’ అంటారు, ఒక్కోదాని మీద గంటలు గడుస్తాయి. 2015లో అదే కంపెనీ 57 ప్రత్యేక విధులున్న జేబు గడియారం ఒకటి బయటపెట్టింది. అందులో 2,800కి పైగా భాగాలు. ముగ్గురు పనివాళ్లకు ఎనిమిదేళ్లు పట్టింది. అలాంటి పని దొరికేది ఏ కొద్దిమందికో. పెద్ద కంపెనీల్లో చాలామంది రోజంతా ఒకే దశ పని చేస్తారు. మెడ పట్టేస్తుంది, కళ్లు లాగుతాయి. శిక్షణ తొలి నెలల్లో వాచీ జోలికే రానివ్వకుండా లోహం ముక్కను ఆకురాయితో రాయిస్తారు. ఇది తెలిశాక కూడా కావాలంటే, ఆ ఇష్టం నిజమైనదే.

దారుల సంగతి క్లుప్తంగా. స్విట్జర్లాండ్‌లో పూర్తిస్థాయి గడియార నిపుణుల ఫెడరల్ సర్టిఫికెట్‌కు నాలుగేళ్లు. జెనీవాలో 1824 నుంచి బడి ఉంది, జురా కొండల ఊళ్లలోనూ ఉన్నాయి. ఫ్రెంచి రాకుండా వాటి గడప తొక్కలేరు. న్యూషాటెల్‌లో 1966లో పెట్టిన వోస్టెప్ అనే శిక్షణ సంస్థ విదేశీయులకు ఇంగ్లిషులో నేర్పుతుంది. వేరే దేశాల్లోనూ దాని పాఠ్యక్రమం నడిపే బడులున్నాయి. అసలు గోడ చదువు దగ్గర లేదు. యూరప్ బయటివాళ్లను పనిలో పెట్టుకోవాలంటే స్విస్ కంపెనీ తమ దేశంలో, యూరప్‌లో తగిన మనిషి దొరకలేదని చూపించాలి. పైగా పర్మిట్లకు కోటా. కాబట్టి ‘నేర్చుకుని అక్కడే స్థిరపడతాను’ అనే లెక్క వేసుకోవద్దు. అన్నట్టు, ఈ గోడ మీ మేనేజ్‌మెంట్ కోర్సుకీ ఇంతే ఎత్తు. కరపత్రంలో అది వేయరు.

పోలిక ఇంతే. బల్ల పని చేతికొస్తే, సర్వీసింగ్ అవసరమైన మెకానికల్ వాచీ ఉన్న ప్రతిచోటా పనికొస్తుంది. రెండోది కరపత్రంలో ఉన్నంతసేపు బాగుంటుంది.

నాన్నగారూ, ఒక్క మాట కటువుగా అంటాను. లెక్కలు, ఫిజిక్స్ వచ్చిన పిల్ల వాచీ లోపల సెకనుకు ఎనిమిదిసార్లు ఊగే బ్యాలెన్స్ చక్రాన్ని చూసి ఎందుకలా ఊగుతోందని అడిగితే, మీకు నలుగురు గుర్తొచ్చారు. ఆమె మీకు అబద్ధం చెప్పలేదు, చదువు మానేస్తాననలేదు. 17 ఏళ్లకు ఏం కావాలో నోరు విప్పి చెప్పగలిగింది. ఏడాదిలో మనసు మారినా పోయేదేమీ లేదు, ఆ లెక్కలు, ఫిజిక్స్ ఎక్కడికీ పోవు. మెకానికల్ ఇంజినీరింగ్ తలుపు తెరిచే ఉంటుంది, వాచీ కంపెనీలకు సూక్ష్మ యంత్రాల ఇంజినీర్లూ కావాలి. భయపడాల్సింది ఏమీ లేదండీ.

ఇప్పుడే ఏ ఫీజూ కట్టకండి. యూనిటాస్ 6497 అని జేబు గడియారాల మూవ్‌మెంట్, అంటే లోపలి యంత్రం, ఒకటుంది. భాగాలు పెద్దవి కాబట్టి బడుల్లో దానిమీదే నేర్పుతారు. దాన్ని పోలిన చైనా మూవ్‌మెంట్ అయినా చాలు. ఒక పట్టకారు, రెండు స్క్రూడ్రైవర్లు, ఒక కంటి భూతద్దం కొనివ్వండి. విప్పి, మళ్లీ బిగించి, నడిపించమనండి. మధ్యలో మీరు సలహాలు ఇవ్వకండి. నడిచినా నడవకపోయినా రెండు నెలల తర్వాత ఉత్తరం ఆమెనే రాయమనండి. ఎగిరిపోయిన స్క్రూ కోసం నేలమీద ఎంతసేపు పాకిందో కూడా అందులో ఉండాలి.